సూపర్‌హీరోలని రాసి రాసి, చివరికి తిట్టుకుంటూ ఎందుకు బయటికొస్తారు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. అలన్ మూర్, గార్త్ ఎనిస్, ఎడ్ బ్రుబేకర్ లాంటి రైటర్లు అమెరికాలో పెద్ద కామిక్ కంపెనీలైన మార్వెల్, డీసీల్లో పేరు తెచ్చుకుని తర్వాత ఆ సూపర్‌హీరో కామిక్స్‌నే తిడతారెందుకు, నిజంగానే అసహ్యమా లేక పేరొచ్చాక వచ్చే పొగరా, మరి కథలు రాద్దామనుకునే నాలాంటోడు అటు ప్రయత్నించాలా వద్దా, ఇదీ కదా నువ్వడిగింది. జవాబు కొంచెం పొడుగే, టీ పెట్టుకుని చదువు.

ముందు నా సంగతి చెప్తా, లేకపోతే వీడెవడు చెప్పడానికి అంటారు. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు చూడు, అక్కడ కవర్ ఊడిపోయిన ఎక్స్-మెన్ కామిక్ ఇష్యూలు, అంటే విడి సంచికలు, ఏరుకుని చదివిన బ్యాచ్ మాది, కథ మొదలు ఒక కుప్పలో ఉంటే ముగింపు అసలే కుప్పలోనూ ఉండదు, మధ్యలోది చదివి మిగతాది మనమే అల్లుకోవాలి, ఆ పురుగు అక్కడే కుట్టింది. తర్వాత ఆరేళ్ళు ఒక కంపెనీకి పేజీకి ఇంత అని కామిక్ స్క్రిప్టులు రాసి బతికా. అంటే మార్వెల్ రేంజ్ కాదులే, కానీ వాళ్ళు సంతకం పెట్టే కాంట్రాక్ట్ లాంటిదే నేనూ పెట్టా, అందుకని ఆ తిట్ల వెనక నొప్పి ఎక్కడుందో కొంచెం తెలుసు.

నా లెక్క ప్రకారం వీళ్ళలో నిజంగా కేప్ వేసుకున్న హీరో అంటేనే పడనివాళ్ళు బాగా తక్కువ. మిగతా వాళ్ళందరికీ అద్దె ఇంటి బాధ. నువ్వు అద్దెకుండే ఇంట్లో నీ డబ్బుతో గోడలకి రంగులేసి పెరట్లో మామిడి మొక్క నాటావు అనుకో, అది కాపుకొచ్చేసరికి ఓనరు ఇల్లు ఖాళీ చేయించాడు, పోనీ పండ్లన్నా ఇస్తాడా అంటే లేదు, పైగా కొత్తగా దిగినవాడు ఆ చెట్టు కొట్టేసి కార్ షెడ్ వేశాడు. నీకు కోపం మామిడిచెట్టు మీదా, ఓనరు మీదా?

అసలు ఈ వ్యాపారం మొదలైందే అలా. జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు సూపర్‌మన్ మొదటి కథనీ దాంతోపాటు ఆ పాత్ర మీద సర్వహక్కులనీ తర్వాత డీసీగా మారిన కంపెనీకి 1938లో 130 డాలర్లకి రాసిచ్చేశారు. పేజీకి పది డాలర్ల లెక్కన పదమూడు పేజీలు, అంతే. తర్వాత ఏళ్ళ తరబడి కోర్టులు, సీగల్ గుమాస్తా ఉద్యోగం చేసుకున్నాడు, షుస్టర్‌కి చూపు పోతూ వచ్చింది. 1975లో సూపర్‌మన్ సినిమా తీయబోతున్నారని తెలిసి నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి ఆర్టిస్టులు పేపర్లలో గొడవ చేస్తే అప్పుడు డీసీ ఓనర్లయిన వార్నర్ వాళ్ళు ఏడాదికి ఒక్కొక్కరికి 20,000 డాలర్లు పెన్షన్ ఇచ్చి, సృష్టికర్తలుగా పేర్లు మళ్ళీ వేశారు. ఇందులో నాకు కడుపు మండే విషయం ఒకటుంది, ఆ 130 డాలర్లు కూడా కలిపి ఇచ్చిన పాత చెక్కుని 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. చెక్కు విలువ చెక్కులో రాసిన దానికంటే ఎన్ని రెట్లో చూసుకో. కామిక్స్ రాసే ప్రతివాడూ కెరీర్ మొదట్లోనే ఈ కథ వింటాడు. వినీ సంతకం పెడతాడు, అది వేరే సంగతి, నేనూ పెట్టా.

సరే, మూర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే అందరూ ముందు ఆయన్నే ఎత్తుకుంటారు. ఆయన రాసిన వాచ్‌మెన్ అనే డీసీ కామిక్ 1986, 87ల్లో విడి ఇష్యూలుగా వచ్చింది, బొమ్మలు డేవ్ గిబ్బన్స్. మొదట డీసీ అప్పటికే కొనేసిన చార్ల్‌టన్ కంపెనీ పాత హీరోలతో రాద్దామనుకున్నాడు, ఈ కథలో వాడేస్తే ఇంక ఆ హీరోలు దేనికీ పనికిరారు కాబట్టి కొత్తవాళ్ళని పుట్టించుకో అన్నాడు ఎడిటర్ డిక్ జోర్డానో. పుట్టించాడు. కాంట్రాక్ట్‌లో ఒక మాటుంది, డీసీ ఈ పుస్తకాన్ని అచ్చు వెయ్యడం మానేసి ఒక ఏడాది గడిస్తే హక్కులు రచయితకీ ఆర్టిస్ట్‌కీ వెనక్కి వచ్చేస్తాయి అని. ఆ రోజుల్లో కామిక్ అంటే నెల తిరిగేసరికి స్టాండ్‌లోంచి పోయే సరుకు, కాబట్టి ఇద్దరూ కొన్నాళ్ళకి మనకే వచ్చేస్తుందిలే అనుకున్నారు. కానీ మొత్తం కలిపి పుస్తకంగా వేస్తే అది ఇప్పటిదాకా అచ్చులో లేని రోజు లేదు. అంటే పుస్తకం బాగా అమ్ముడుపోయింది కాబట్టే వాళ్ళకి దక్కలేదు! చెత్తగా రాసుంటే దక్కేది. మన ఊళ్ళల్లో పొలం తనఖా పెట్టినవాళ్ళకి అర్థమవుతుంది ఈ బాధ.

ఆ తర్వాత సినిమాల్లో నా పేరు వెయ్యొద్దన్నాడు, 2012లో ఆయనకి ఇష్టం లేకుండానే బిఫోర్ వాచ్‌మెన్ అని వేరేవాళ్ళతో ముందు కథలు రాయించారు. 2022లో ఒక ఇంటర్వ్యూలో ఇంక కామిక్స్‌కి దండం అన్నాడు, పెద్దవాళ్ళు కూడా సూపర్‌హీరో సినిమాలకి ఎగబడటం మంచి లక్షణం కాదు, ఇలాంటి చిన్నపిల్లల మనస్తత్వమే ఫాసిజానికి దారి తీస్తుంది అనే అర్థంలో మాట్లాడాడు. నాకు ఆ మాట కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. పైగా ఆయన అమెరికాలో పేరు తెచ్చుకున్నదే స్వాంప్ థింగ్ అనే డీసీ సిరీస్ మీద, అది లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ పుట్టించిన పాత్ర, అంటే ఆయనా ఒకరి పెరట్లోనే కదా మొక్కలు నాటింది. బిఫోర్ వాచ్‌మెన్ రాసినవాళ్ళలో ఆ లెన్ వీనే ఉన్నాడు, వాచ్‌మెన్‌కి ఎడిటర్‌గా చేసింది కూడా ఆయనే. ఎవరిది తప్పో చెప్పమంటే నా వల్ల కాదు.

ఇక్కడ ఒకటి గమనించు. డీసీ నుంచి కోపంగా వెళ్ళిపోయిన పదేళ్ళకి, 1999లో, మూర్ రాసింది ఏంటి? టామ్ స్ట్రాంగ్, టాప్ టెన్, ప్రొమెథియా. అన్నీ సూపర్‌హీరో కథలే, అదీ ఎంత ప్రేమగా రాశాడో చదివితే తెలుస్తుంది. అసహ్యమున్నవాడు అలా రాయలేడు. కర్మ ఏంటంటే జిమ్ లీకి చెందిన వైల్డ్‌స్టార్మ్ కంపెనీకి రాద్దామని ఒప్పుకుంటే, ఈలోపు జిమ్ లీ ఆ కంపెనీని డీసీకే అమ్మేశాడు. ఇల్లు మారితే ఆ కొత్త ఇంటినీ పాత ఓనరే కొన్నట్టు.

డబ్బు సంగతి ఒక్క పేరాలో తేల్చేస్తా. బ్రుబేకర్ 2005లో మార్వెల్‌కి కెప్టెన్ అమెరికా రాస్తూ, కథల్లో 1945లోనే చచ్చిపోయాడని చెప్పిన బకీ అనే కుర్రాణ్ణి వింటర్ సోల్జర్‌గా తిరిగి తెచ్చాడు, ఆర్టిస్ట్ స్టీవ్ ఎప్టింగ్. 2014లో సినిమా వచ్చింది, అందులో ఒక సైంటిస్ట్‌గా చిన్న వేషం కూడా వేశాడు. తర్వాత ఆయనే చెప్పాడు, ఆ చిన్న వేషానికి యాక్టర్ల యూనియన్ లెక్కలో వస్తూ ఉండే డబ్బులే, పాత్రని పుట్టించినందుకు వచ్చిన దానికంటే ఎక్కువని. లెన్ వీన్‌ది ఇంకో రకం, మార్వెల్‌లో వుల్వరీన్ లాంటి పాత్రకి కారకుడై కూడా, సినిమాల నుంచి తనకి ఎక్కువ ముట్టింది బ్యాట్‌మన్ సినిమాల్లో ఉండే లూసియస్ ఫాక్స్ అనే పాత్ర వల్లే అని చెప్పేవాడు, ఎందుకంటే డీసీ కాంట్రాక్ట్‌లో రచయితకి వాటా ఉంది. ఇద్దరి మాటల్లోనూ హీరోల మీద ఒక్క తిట్టు లేదు చూడు.

కానీ డబ్బుకంటే లోతుగా గుచ్చుకునేది ఇంకోటుంది, కథ చేతిలోంచి లాక్కోవడం. క్రిస్ క్లేర్‌మాంట్ అనే రైటర్ మార్వెల్ వాళ్ళ హీరోల జట్టు ఎక్స్-మెన్‌ని 1975 నుంచి 1991 దాకా రాశాడు, పదహారేళ్ళు, ఒక్క చేత్తో. 1980లో డార్క్ ఫీనిక్స్ కథలో ఆ జట్టులో జీన్ గ్రే అనే అమ్మాయి పిచ్చిశక్తి పట్టి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది, దాని చుట్టూ తిరిగే గ్రహం మీద కోట్ల ప్రాణాలు పోతాయి. క్లేర్‌మాంట్, ఆర్టిస్ట్ జాన్ బర్న్ అనుకున్న ముగింపు ఏంటంటే జీన్ శక్తి తీసేసి మామూలు మనిషిని చేసి ఇంటికి పంపడం. చీఫ్ ఎడిటర్ జిమ్ షూటర్ చూసి అన్ని ప్రాణాలు తీసి శిక్ష లేకుండా ఇంటికెలా పోతుంది అని అడ్డం తిరిగాడు. అప్పటికే గీసిన చివరి పేజీలు పక్కన పెట్టి మళ్ళీ గీశారు, చంద్రుడి మీద, ప్రేమించిన సాటి హీరో స్కాట్ కళ్ళ ముందే తన ప్రాణం తనే తీసుకుంటుంది జీన్. ఇష్యూ నంబర్ 137. నిజం చెప్పాలంటే షూటర్ ముగింపే గొప్పది. మారకముందు రూపం 1984లో విడిగా అచ్చు వేశారు, నేను చదివా, అది వచ్చుంటే ఇవాళ ఎవరూ ఆ కథ గురించి మాట్లాడుకునేవాళ్ళు కాదు. కాబట్టి ఎడిటర్ అంటే ఎప్పుడూ విలనే అనుకోకు.

అసలు దెబ్బ తర్వాత పడింది. జీన్ పోయింది, క్లేర్‌మాంట్ ఆ దుఃఖాన్ని నిజంగా మోయించాడు, స్కాట్‌కి మెల్లగా మాడెలిన్ అనే అమ్మాయితో పెళ్ళి చేశాడు, కొడుకు పుట్టాడు, ఇక వీడు సుఖంగా ఉండనీ అని పక్కకి పంపాడు. సూపర్‌హీరో కథల్లో ఒక మనిషికి వయసొచ్చి రిటైరవ్వడం ఎంత అరుదో నీకు తెలుసు. 1986లో ఎక్స్-ఫ్యాక్టర్ అని కొత్త టైటిల్ మొదలెట్టాలి, పాత టీమ్ ఐదుగురూ కావాలి, కాబట్టి జీన్ అసలు చావలేదు అని ఇంకొకరు రాసేశారు, క్లేర్‌మాంట్ వద్దు మొర్రో అన్నా వినలేదు. దాంతో స్కాట్ పెళ్ళాన్నీ పసిబిడ్డనీ వదిలేసి పాత ప్రేయసి దగ్గరికి పరిగెత్తాడు! హీరో అలా చేస్తాడా? ఒక్క టైటిల్ లాంచ్ కోసం ఆరేళ్ళు కట్టుకున్న మనిషి గుణమంతా పోయింది. ఆ మరక కడగడానికి క్లేర్‌మాంట్ తర్వాత చాలా తంటాలు పడ్డాడు, చివరికి పాపం మాడెలిన్‌నే విలన్ చెయ్యాల్సొచ్చింది. 1991లో ఎక్స్-మెన్ కొత్త నంబర్ వన్ 80 లక్షల పైచిలుకు కాపీలు పోయింది, రైటర్ ఆయనే, ఆ సిరీస్‌లో మూడో ఇష్యూతోనే బయటికొచ్చేశాడు, ఎడిటర్‌తో పడలేదు. మరి అసహ్యం పుట్టిందా? కొన్నేళ్ళకి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఎక్స్-మెనే రాశాడు. పుట్టింటి మీద ఎంత అలిగినా పండగకి రాకుండా ఉండలేని ఆడపడుచులా.

నిజంగా పడనివాడు కావాలంటే ఎనిస్‌ని తీసుకో. ఉత్తర ఐర్లండ్ మనిషి, అక్కడ పిల్లలు చదివేవి యుద్ధం కథల వారపత్రికలు, 2000 ఏడీ అనే సైన్స్ ఫిక్షన్ కామిక్ పత్రిక లాంటివి, చిన్నప్పుడు సూపర్‌హీరోలతో పెరగలేదు కాబట్టి కేప్ వేసుకున్నోణ్ణి చూస్తే ఆయనకి నవ్వే వస్తుంది. సూపర్‌హీరోల్ని ఎగతాళి చేసే ద బాయ్స్ కామిక్ అందులోంచే పుట్టింది, డీసీ వాళ్ళ వైల్డ్‌స్టార్మ్‌లోనే 2006లో మొదలై ఆరు ఇష్యూలకే ఆగిపోయి డైనమైట్ అనే వేరే కంపెనీకి పోయింది. అయితే అదే ఎనిస్ హిట్‌మన్ అనే డీసీ టైటిల్ 34వ ఇష్యూలో ఏం చేశాడో తెలుసా? టామీ అనే కిరాయి హంతకుడు రాత్రిపూట బ్యాట్‌మన్ ఊరు గోథమ్‌లో ఒక మేడ మీద ఉంటాడు, అక్కడికి సూపర్‌మన్ వస్తాడు, మనసు బాగోలేదు. అంతరిక్షంలో ప్రమాదం జరిగితే ఒక్కణ్ణి కాపాడలేకపోయాడు, ఆ ఒక్కడి మొహమే కళ్ళలో తిరుగుతోంది. ఇష్యూ అంతా ఇద్దరూ మాట్లాడుకోవడమే, ఫైటింగ్ లేదు. ఒక హంతకుడు సూపర్‌మన్‌ని ఓదారుస్తాడు, నువ్వంటే మాకెందుకంత నమ్మకమో చెప్తాడు. సూపర్‌మన్ తేలికపడి ఎగిరిపోయాక టామీ తుపాకీ తీసి తను ఆ మేడ మీదికి వచ్చిన పని పూర్తి చేసుకుంటాడు. దానికి 1999లో కామిక్స్‌కి ఇచ్చే పెద్ద అవార్డు ఐస్నర్ వచ్చింది. సూపర్‌మన్ మీద నేను చదివిన మంచి కథల్లో మొదటి మూడింట్లో ఒకటి, రాసింది సూపర్‌హీరోలంటే పడనివాడు. ఇందుకే ఇష్టం ఉన్నోడే బాగా రాస్తాడు అనే మాట నేను నమ్మను.

ఇష్టం ఉన్నోళ్ళలో గ్రాంట్ మారిసన్ అనే రైటర్‌ది వేరే లెవెల్. ఎవరికీ పట్టని యానిమల్ మన్ అనే హీరోని తీసుకుని 1990లో 26వ ఇష్యూలో ఆ హీరోనే మారిసన్ ఇంటికి తెచ్చేశారు. హీరో పెళ్ళాం పిల్లలు అప్పటికే హత్యకి గురయ్యారు, ఎదురుగా కూర్చున్న రైటర్ చెప్తాడు, వాళ్ళని చంపింది నేనే, కథ రక్తి కట్టాలని. తన పిల్లి చచ్చిపోయిన బాధ కూడా చెప్పుకుని, చివరికి హీరోకి కుటుంబాన్ని తిరిగిచ్చేస్తాడు. ఆ తర్వాత ఆ రైటరే కొండ దగ్గరికి వెళ్ళి, చిన్నప్పుడు ఊహల్లో ఉన్న నక్క స్నేహితుడికి టార్చ్ వేసి సైగ చేస్తాడు, ఏమీ లేదు, తిరిగి వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళాక చీకట్లో అవతల నుంచి లైట్ వెలుగుతుంది. చదివిన ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది నాకు. మారిసన్ పద్ధతి ఏంటంటే ఈ పాత్రలు మనకంటే ముందున్నాయి, మన తర్వాతా ఉంటాయి, మనం వచ్చి కాసేపు మోసి పోతాం, అంతే. మన చందమామ బేతాళ కథలు అలాంటివే కదా, పాతవి ఇరవై అయిదు ఎప్పుడో అయిపోయినా దశాబ్దాల పాటు కొత్తవి పుడుతూనే ఉన్నాయి, విక్రమార్కుడు చెట్టెక్కుతూనే ఉన్నాడు. అయితే అదే చందమామలో తోకచుక్క, రాకాసి లోయ లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు వాటి మీద వేసేవాళ్ళు కాదు, చదువుతూ పెరిగినవాళ్ళలో చాలామందికి ఆ రచయిత ఎవరో పెద్దయ్యేదాకా తెలీదు. మోసేవాడికి పేరైనా ఉండాలి కదా అని మాత్రం నాకనిపిస్తుంది.

నా ముక్క ఒకటి చెప్పి అసలు సలహాలోకి వస్తా. ఆ కంపెనీలో నేను ఒక హీరో సిరీస్ రాసేవాణ్ణి, హీరో వాళ్ళదే, నేను వెళ్ళేసరికే ఉన్నాడు. ఆరో ఇష్యూ మూడో పేజీలో నాలుగు ప్యానెళ్ళ కోసం ఒక ముసలమ్మని పెట్టా, బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీల బండి, హీరో గాల్లో ఎగురుతూ వచ్చినా తలెత్తి చూడదు, "చిల్లర తెచ్చావా" అంటుంది, అంతే డైలాగు. మా అమ్మమ్మని చూసి రాశా. జనానికి ఎక్కేసింది. ఏడాది తర్వాత నేను మానేశాక ఒకరోజు మా చెల్లి వాట్సాప్‌లో స్టిక్కర్ పంపింది, అది మా అమ్మమ్మే, అదే డైలాగు, ఎవరో వేరే ఆర్టిస్ట్ గీసింది. ఫోన్ చేసి అడిగితే కాంట్రాక్ట్ నాలుగో పేజీ చూసుకోమన్నారు. చూశా. నిజమే, అందులో ఉంది. తప్పు వాళ్ళది అనలేను, చదవకుండా సంతకం పెట్టింది నేనే, అయినా ఆ స్టిక్కర్ వచ్చినప్పుడల్లా ఫోన్ పక్కన పడేస్తా.

ఇప్పుడు అమెరికాలోనూ చాలామంది రైటర్లు లోపల్లోపల పాటించే పద్ధతి ఇదే, పెద్ద కంపెనీకి పాత పాత్రల మీద నీ పనితనం అంతా ఇవ్వు, కొత్త పాత్రని మాత్రం ఇంట్లో దాచుకో. 2008లో రాబర్ట్ కిర్క్‌మన్ అనే రైటర్ ఒక వీడియో పెట్టి మరీ అందర్నీ సొంత కామిక్స్ చేసుకోండ్రా బాబూ అన్నాడు. జాంబీల కామిక్ వాకింగ్ డెడ్ ఆయన సొంతం కాబట్టి 2019లో 193వ ఇష్యూ దగ్గర తనకిష్టమైనప్పుడు ఆపగలిగాడు, బ్యాట్‌మన్‌ని అలా ఎవడాపగలడు? అన్నట్టు కిర్క్‌మన్ ఇంకో పెద్ద హిట్ ఇన్విన్సిబుల్, అది పక్కా సూపర్‌హీరో. జేమ్స్ టైనియన్ 2021లో డీసీ ఇస్తానన్న ఎక్స్‌క్లూజివ్ కాంట్రాక్ట్ వద్దనుకుని, చేతిలో ఉన్న బ్యాట్‌మన్ టైటిల్ వదిలి సొంత కథలకి పోయాడు. బ్యాట్‌మన్ రాయడం అంటే ఇక్కడ మనకి పెద్ద హీరోకి డైలాగులు రాయడం లాంటిది, దాన్ని వదులుకున్నాడంటే ఆలోచించు.

నీకు పనికొచ్చే ఉదాహరణ మాత్రం రామ్ వి అనే రైటర్. ముంబై నుంచి వెళ్ళి లండన్‌లో స్థిరపడ్డవాడు. ముందు ఆయన చేసింది సొంత కథలు, దీజ్ సావేజ్ షోర్స్ అని 18వ శతాబ్దం మలబారు తీరంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళతోపాటు ఒక రక్తపిశాచి దిగే కథ, బొమ్మలు సుమిత్ కుమార్ అనే మనవాడివే. తర్వాత స్వాంప్ థింగ్, డిటెక్టివ్ కామిక్స్, వెనమ్ రాశాడు, ఆ మధ్యలో కూడా లైలా స్టార్ లాంటి సొంత కథలు ఆపలేదు. స్వాంప్ థింగ్‌ని భారతీయ మూలాలున్న కొత్త మనిషిగా మార్చి రాశాడు, కంపెనీ పాత్రే కానీ అందులో తన ఊరి వాసన ఉంది. తిట్టుకుంటూ రాసినట్టు ఎక్కడా కనపడదు, ఎందుకంటే తన సొంత పెరడు తనకి వేరే ఉంది.

కాబట్టి మార్వెల్‌కా డీసీకా అని ఇప్పుడు తల బద్దలు కొట్టుకోకు, ముక్కూ మొహం తెలియనివాడు పంపిన స్క్రిప్టు వాళ్ళు తెరిచి కూడా చూడరు, అచ్చయిన నీ సొంత కామిక్ ఏదైనా ఉంటేనే మాటలు మొదలవుతాయి. నీ దగ్గర పన్నెండు పేజీల కథ ఒకటుందన్నావు కదా, దాన్ని ఎనిమిదికి కుదించు, ఆర్టిస్ట్‌కి పేజీ లెక్కన డబ్బు ఇవ్వలేకపోతే హక్కుల్లో సగం అని ముందే కాగితం మీద రాసుకో, నోటిమాట వద్దు, స్నేహితుడైతే అస్సలు వద్దు. రేపు ఏదైనా కంపెనీ పిలిచి కాంట్రాక్ట్ ఇస్తే రేటు ఉన్న మొదటి పేజీ అందరూ చదువుతారు, నువ్వు నాలుగో పేజీ నుంచి మొదలుపెట్టు. "ఈ పని చేస్తుండగా పుట్టిన సమస్త పాత్రలు" అనో అలాంటి వరసలోనో ఒక వాక్యం ఉంటుంది. అది దొరికాక నాకు మెసేజ్ పెట్టు, కూర్చుని చూద్దాం.